మూడు గిన్నెలు, ఒకే రంగు



పోయిన వారం మా వీధి చివరింటి చిన్నవాడు నా దగ్గరికి వచ్చి, "తాతగారూ, చైనావాళ్ళు టీలో పాలూ పంచదారా వేసుకోరట, నిజమేనా?" అని అడిగాడు.

"నిజమే నాయనా, పాతపద్ధతిలో తాగేవాళ్ళు వేసుకోరు," అన్నాను.

"మరి అది కషాయంలాగా ఉండదూ? ఎలా తాగుతారు?" అన్నాడు వాడు.

ఈ రెండో ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పటం నాకు చేతకాలేదు. ఆ సాయంత్రమంతా పట్టింది. వాడికి చెప్పినదే ఈ నెల మీకూ చెబుతాను. అయితే ముందు మా బళ్ళో జరిగిన ఒక పాత సంగతి చెప్పాలి. దానికీ చైనాకూ సంబంధమేమిటని తొందరపడకండి, ఉన్నది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఒక పల్లెటూరి బళ్ళో, రోజూ పదకొండు గంటలకు ఉపాధ్యాయులందరికీ టీ ఇచ్చే ఆచారం ఉండేది. కాచేది మా అటెండరు. ఆయన నాకంటే వయసులో పెద్దవాడు, మహా నెమ్మదస్తుడు. పెద్ద కెటిల్లో మరిగిన నీళ్ళు పోసి, టీ పొడి వేసి మూత పెట్టేవాడు. కెటిల్ ముక్కుకు చిన్న గుడ్డ కట్టేవాడు. గ్లాసుల్లో పాలూ పంచదారా ముందే వేసి ఉంచి, గదిగదికీ తిరిగి డికాషన్ పోసి ఇచ్చేవాడు. మొదటి గ్లాసు నాది. ఆ తరువాత సీనియర్లు, ఆ తరువాత కొత్తగా చేరినవాళ్ళు, అందరికంటే చివర తన గ్లాసు.

ఒకరోజు నేను పైఆఫీసుకు వెళ్ళి ఆలస్యంగా వచ్చాను. అప్పటికి అందరి టీలూ అయిపోయినవి. ఆయన వరండాలో కూర్చుని తన గ్లాసు నోటిదగ్గర పెట్టుకోబోతూ, నన్ను చూసి లేచి, "తీసుకోండి మాస్టారూ, ఇంకా ఎంగిలి చెయ్యలేదు," అని ఇచ్చాడు. ఒక్క గుక్క తాగి ఆగిపోయాను. వేపాకు రసం! నాలుక మీద పిడచకట్టినట్టయింది.

"ఇది ఇంత చేదుగా ఉన్నదేమయ్యా?" అన్నాను.

"ఆఖరుది ఎప్పుడూ అంతేనండి. నాకు అలవాటైపోయింది," అన్నాడాయన.

రోజూ నాకు వచ్చే మొదటి గ్లాసు పలచగా, తేలికగా ఉండేది. ఆయన టీ బాగా కాస్తాడని నలుగురికీ చెప్పేవాణ్ణి కూడాను. అదే కెటిల్లో అడుగున మిగిలినది ఎలా ఉంటుందో, దాన్ని ఎవరు తాగుతున్నారో నాకు అంతవరకూ తట్టనే లేదు. విజ్ఞానశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి కదా, ఆ మాత్రం తెలియకపోవటం చిన్నతనమనిపించింది.

ఎందుకు అట్లా అవుతుందో మీరు చెప్పగలరా? ఆకు నీళ్ళలో ఉన్నంతసేపూ దానిలోని సారం దిగుతూనే ఉంటుంది. మొదటి గ్లాసు ఒంపేటప్పటికి ఆకు నానినది రెండు మూడు నిమిషాలే. ఆయన గదులన్నీ తిరిగి వరండాకు వచ్చేటప్పటికి పావుగంట. పైగా చిక్కటి భాగం అడుగున ఆకు దగ్గరే ఉంటుంది. అందుచేత కెటిల్ ఒకటే, నీళ్ళు ఒకటే, పొడి ఒకటే అయినా మొదటి గ్లాసూ చివరి గ్లాసూ ఒకటి కావు.

ఇక చైనాకు వెళదాం. ఆ దేశానికి ఆగ్నేయ దిక్కున గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, సముద్రానికి దగ్గరగా, చావ్‌జౌ అనే పాత పట్నం ఉన్నది. అక్కడివాళ్ళు టీ కాచే పద్ధతిని 'గోంగ్‌ఫూ చా' అంటారు. గోంగ్‌ఫూ అనగానే చేతులూ కాళ్ళూ ఝాడించే కుంగ్‌ఫూ జ్ఞాపకం వచ్చిందా? పలకటానికి మాట అదే. ఓపికతో, శ్రమతో సాధించిన పనితనం అని దాని అర్థం. 'చా' అంటే టీ. మన ఛాయ్ ఆ 'చా' నుంచే భూమార్గాన పారశీక దేశం మీదుగా వచ్చింది. పొరుగున ఉన్న ఫూజియన్ తీరంలో దాన్నే 'తే' అంటారు. డచ్చి వర్తకులు ఓడల మీద ఆ మాటను యూరపుకు తీసుకుపోతే అది 'టీ' అయింది. ఒకే ఆకు, రెండు దారులు, రెండు పేర్లు.

టీ ఆకుల్లో పచ్చ టీ, నల్ల టీ, ఊలాంగ్ అని రకాలున్నవి గాని మొక్క ఒక్కటే. తేడా అంతా కోసిన తరువాత చేసే పనిలో ఉన్నది. మీ అమ్మగారు వంకాయ తరిగి నీళ్ళలో వెయ్యటం మరచిపోతే ఏమవుతుంది? గాలి తగిలి ముక్కలు నల్లబడతవి. ఆకు సంగతీ అంతే. కోసిన కాసేపటికే వేడి తగిలించి ఆ మార్పును ఆపేస్తే పచ్చ టీ. పూర్తిగా జరగనిస్తే నల్ల టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్. చావ్‌జౌ వాళ్ళకు ఇష్టమైనది ఊలాంగే. పట్నానికి ఉత్తరాన ఉన్న ఫెంగ్‌హ్వాంగ్ కొండల మీద అది పండుతుంది.

ఆ ఆకు మన టీ పొడిలాగా నలిగి ఉండదు. నిడుపాటి ఆకులు మెలికలు తిరిగి ఎండి ఉంటవి. పంచదార నీళ్ళలో వేస్తే క్షణంలో కరుగుతుంది, పటికబెల్లం ముక్క ఎంతోసేపు కరుగుతుంది కదూ? పొడి అయితే నీటికి తగిలే భాగం ఎక్కువ. ఉన్న సారమంతా ఒక్కసారే ఇచ్చేస్తుంది. ముడుచుకున్న ఆకు మెల్లమెల్లగా విచ్చుకుంటూ కొంచెం కొంచెంగా ఇస్తుంది. అందుకని ఒకసారి వేసిన ఆకు మీదనే ఆరేడుసార్లు నీళ్ళు పోస్తారు. ప్రతిసారీ రుచి కాస్త మారుతుంది. పాలూ పంచదారా వేస్తే ఈ తేడా తెలియదు. చిన్నవాడి మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

చైనావాళ్ళు ఎప్పుడూ ఇలాగే తాగేవాళ్ళని అనుకోకండి. 8వ శతాబ్దంలో లూ యూ అనే పండితుడు టీ మీదనే ఒక పుస్తకం రాశాడు. ఆయన కాలంలో ఆకును దంచి, బిళ్ళలు కట్టి, కాల్చి పొడిచేసి, ఉప్పు వేసి మరిగించేవాళ్ళు! తరువాత కొన్ని వందల ఏళ్ళు పొడిని గిన్నెలో వేసి వెదురు కుంచెతో చిలికి తాగారు. 1391లో హోంగ్‌వూ చక్రవర్తి, రాజుగారికి కప్పం కింద ఈ బిళ్ళలు చేసి పంపనక్కర లేదు, విడి ఆకు పంపితే చాలునని ఆజ్ఞ చేశాడు. ఆ బిళ్ళలు చెయ్యటం ప్రజలకు పెద్ద చాకిరీ. చక్రవర్తి కాకముందు ఆయన తిండిలేక తిరిగిన పేద రైతుబిడ్డ. చాకిరీ అంటే ఏమిటో తెలిసినవాడు. విడి ఆకును నానబెట్టి తాగటం దేశమంతటా వ్యాపించింది ఆ తరువాతనే.

ఇప్పుడు సామగ్రి చూద్దాం. ఒక మట్టి కుంపటి. నీళ్ళు కాచే చిన్న కొమ్ముచెంబు. టీ నానబెట్టే ఎర్రమట్టి కొమ్ముచెంబు, ఇది మీ గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఉగ్గుగిన్నెలంత పింగాణి గిన్నెలు మూడు. అంతే. కుంపట్లో చైనా ఆలివ్ కాయల గింజలతో చేసిన బొగ్గు వేస్తారు. విసరటానికి ఈకల విసనకర్ర. కుంపటిని టీ చెంబుకు ఏడడుగుల దూరంలో పెట్టాలని అక్కడి పెద్దల లెక్క. సప్తపది మనకేనా, వాళ్ళకూ ఉన్నదన్నమాట! మరిగిన నీరు ఆ ఏడడుగులూ నడిచి వచ్చేటప్పటికి పొంగు అణిగి తగినంత వేడిలో ఉంటుందట.

నీళ్ళు ఎంత కాగినవో తెలుసుకోవటానికి ఉష్ణమాపకం లేని రోజుల్లో ఏం చేసేవాళ్ళు? కళ్ళతో, చెవులతో కనిపెట్టేవాళ్ళు. నీటి బుడగలు మొదట చేపకళ్ళంత ఉంటవనీ, తరువాత అంచువెంట ముత్యాల పేరులా లేస్తవనీ, చివరకు అలల్లా పొర్లుతవనీ లూ యూ మూడు దశలు చెప్పాడు. మీరూ వంటింట్లో దూరంగా నిలబడి వినండి. నీళ్ళు మరగబోయే ముందు 'సుయ్'మని పాడతవి. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైకి లేచి, ఇంకా పూర్తిగా కాగని నీటిలో చల్లబడి చితికిపోతవి. ఆ చప్పుడే పాట. నీరంతా కాగిన తరువాత బుడగలు చితకకుండా పైదాకా వస్తవి. అప్పుడు పాట తగ్గి తెర్లటం మొదలవుతుంది. పచ్చ టీకి ఇంత వేడి పనికిరాదు, 80 డిగ్రీల సెంటిగ్రేడు చాలు. అంతకు మించితే చేదు, వగరు ఎక్కువగా దిగుతవి. ఊలాంగుకు మాత్రం మరిగిన నీళ్ళే కావాలి.

ముందు ఖాళీ చెంబులోనూ గిన్నెల్లోనూ వేన్నీళ్ళు పోసి పారబోస్తారు. చల్లటి మట్టి నీళ్ళ వేడిని తాగెయ్యకుండా అన్నమాట. తరువాత ఆకును కాగితం మీద పరచి, ముతక ఆకును నలిగిన పొడినుంచి వేరు చేస్తారు. ముతకది కొమ్ము దగ్గర, అడుగున. పొడి నడుమ. మళ్ళీ ముతకది పైన. ఎందుకో గ్రహించారా? పొడి కొమ్ములో చేరితే దారి మూసుకుపోతుంది. మా అటెండరు కట్టిన గుడ్డ చేసే పనిని ఇక్కడ ఆకే చేస్తుంది! చెంబులో సగానికి పైగా ఆకే ఉంటుంది. 100 మిల్లీలీటర్ల చెంబుకు 7, 8 గ్రాములు. మనం చూస్తే, "ఇంత ఆకా!" అని గుండెమీద చెయ్యి వేసుకుంటాం.

కొంచెం ఎత్తునుంచి అంచువెంట నీళ్ళు పోస్తారు. పైకి వచ్చిన నురుగును మూతతో తీసేసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా వేన్నీళ్ళు పోస్తారు. ఇది తమాషాకు కాదు. పెద్ద గంగాళంలో నీళ్ళు చాలాసేపు వేడిగా ఉంటవి, ఉగ్గుగిన్నెలోవి ఇట్టే చల్లారుతవి. వస్తువు చిన్నదవుతున్నకొద్దీ లోపలి సరుకుతో పోలిస్తే పైతలం ఎక్కువవుతుంది. వేడి పోయేది పైతలం నుంచే కదా! చిన్న చెంబు వేడి నిలవాలంటే దానికి వేన్నీళ్ళ దుప్పటి కప్పాలి. మొదటిసారి పోసిన నీళ్ళు తాగరు. ఆకును కడగటానికీ, గిన్నెలను వెచ్చబెట్టటానికీ వాడతారు. ఒక గిన్నె అంచును ఇంకో గిన్నెలో పెట్టి, మూడు వేళ్ళతో గిరగిర తిప్పుతూ కడుగుతారు. చేతులు కాల్చుకోకుండా ఈ పని చెయ్యటానికే ఎన్నో ఏళ్ళ అలవాటు కావాలి.

చెంబు మూతకు సూదిబెజ్జమంత రంధ్రం ఒకటి ఉంటుంది. టీ ఒంపుతూ ఆ రంధ్రాన్ని వేలితో మూస్తే, మూత సరిగ్గా అతికిన చెంబులోనుంచి ధార టక్కున ఆగిపోతుంది. వేలు తీస్తే మళ్ళీ పారుతుంది. లోపలికి గాలి పోనిదే లోపలి నీరు బయటికి రాదు. బయటి గాలి ఒత్తిడి కొమ్ము దగ్గర అడ్డుపడుతుంది. నూనెడబ్బాకు రెండు బెజ్జాలు ఎందుకు పెడతారో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక అసలు ఘట్టం. చెంబులో టీ ఉన్నది, ముందు మూడు గిన్నెలున్నవి. ఆకు కొద్ది క్షణాలే నానింది. ఎలా ఒంపాలి? ఒకదాని తరువాత ఒకటి నింపుకుంటూ పోతే ఏమవుతుందో మన వరండా గ్లాసు ముందే చెప్పింది. ఇంత చిక్కటి టీలో ఒక్కొక్క క్షణమూ లెక్కే.

అందుకని చావ్‌జౌ వాళ్ళు మూడు గిన్నెలనూ అంచులు తాకేటట్టు దగ్గరగా చేర్చి, ధార ఆపకుండా, చెంబును గుండ్రంగా తిప్పుతూ పోస్తారు. మొదటి గిన్నెలో కొంచెం, రెండోదానిలో కొంచెం, మూడోదానిలో కొంచెం. మళ్ళీ మొదటిది. ఇలా ఎన్నో చుట్లు తిరుగుతుంది. పలచటి భాగమూ చిక్కటి భాగమూ మూడింటికీ సమంగా చేరుతవి. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'గ్వాన్ గోంగ్ నగరం చుట్టి రావటం'. గ్వాన్ గోంగ్ అంటే 1800 ఏళ్ళ కిందటి సేనాని. బొమ్మల్లోనూ నాటకాల్లోనూ ఆయన ముఖం ఎర్రగా ఉంటుంది. ఎర్రమట్టి చెంబు ఆ సేనాని, గిన్నెలు నగరం. కాపలా తిరిగే సేనాని ఒక్క వీధినైనా వదిలిపెట్టకూడదు గదా!

ధార అయిపోయిన తరువాత చెంబులో కొన్ని చుక్కలు మిగులుతవి. వాటిలోనే సారమంతా ఉంటుంది. వాటిని ఏదో ఒక గిన్నెలో వంచెయ్యకూడదు, చెంబులో వదిలెయ్యనూ కూడదు. ఈ గిన్నెలో ఒక చుక్క, ఆ గిన్నెలో ఒక చుక్క, పక్కదానిలో ఒక చుక్క. దీని పేరు 'హాన్ షిన్ సైనికులను లెక్కపెట్టటం'. హాన్ షిన్ ఇంకా పాతవాడు, క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం మొదట్లో చనిపోయిన గొప్ప సేనాపతి. ఒక్క సైనికుడు కూడా లెక్క తప్పకూడదు, ఒక్క చుక్క కూడా పంపకం తప్పకూడదు. చివరి చుక్కలు వదిలేస్తే ఇంకో నష్టం కూడా ఉన్నది. చెంబులో అవి ఆకుతోపాటు నానుతూనే ఉండి, తరువాతి వాయిని చేదు చేస్తవి.

పోసేటప్పుడు చెంబు కొమ్మును గిన్నెలకు బాగా దగ్గరగా పెడతారు. ఎత్తునుంచి పోస్తే నురుగు వస్తుంది, వేడీ వాసనా గాలికి పోతవి. నీళ్ళు పోసేటప్పుడు ఎత్తు, టీ పోసేటప్పుడు పల్లం. మన హోటళ్ళలో బారెడెత్తునుంచి టీ తిరగబోసే మనిషిని చూస్తే వాళ్ళు ఏమంటారో! నాకు మాత్రం ఆ విద్య కూడా ఇష్టమే సుమా.

మనుషులు నలుగురో అయిదుగురో ఉన్నా గిన్నెలు మూడే పెట్టటం అక్కడి వాడుక. "మీరు తీసుకోండి" అంటే "కాదు, ముందు మీరు" అని ఒకరికొకరు జరుపుకుంటారు. తాగినవి కడిగి, తరువాతి వాయిలో మిగిలినవాళ్ళకు పోస్తారు. కాచినవాడు సాధారణంగా చివర తాగుతాడు. అయినా వాడి గిన్నె చేదు కాదు, అన్నీ ఒకే రంగు గదా. చైనా లిపిలో 'రుచి చూడటం' అనే అక్షరం మూడు నోళ్ళ గుర్తులను కలిపి రాస్తారు. ఒక్కొక్క గిన్నెను మూడు గుక్కల్లో తాగాలని దాన్నిబట్టే చెబుతారు. చైనాలోని పాత టీ తయారీ పద్ధతులనూ, వాటితో ముడిపడిన ఆచారాలనూ 2022లో యునెస్కో సంస్థ మానవజాతి సంప్రదాయాల జాబితాలో చేర్చింది.

ఇలా తిప్పి పోసే నేర్పు లేనివాళ్ళు ఏం చెయ్యాలి? వాళ్ళకూ ఒక ఉపాయం ఉన్నది. చెంబులోని టీనంతా ముందు ఒక చిన్న కూజాలోకి ఒంపేసి, ఆకునుంచి వేరుచేసి, అక్కడినుంచి అందరికీ పోస్తారు. ఇప్పుడు చైనాలో చాలాచోట్ల ఇది కనిపిస్తుంది. ఆ కూజా పేరు 'గోంగ్‌దావ్ బెయ్'. మన మాటల్లో చెప్పాలంటే న్యాయపు పాత్ర.

ఈ పేరు మొదటిసారి ఒక పుస్తకంలో చూసి నేను కుర్చీలోనుంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటారా? ఆ చేదుగ్లాసు తాగిన మర్నాడు నేను ఇంటినుంచి ఒక పెద్ద ఇత్తడి లోటా బడికి తీసుకువెళ్ళాను. "టీ నానగానే మొత్తం దీనిలోకి వడపోసెయ్యి. తరువాత ఎవరికి ముందు పోసినా ఒకటే," అని అటెండరుకు చెప్పాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "చల్లారిపోతుంది మాస్టారూ," అన్నాడు. ఆ మాట నిజమే. లోటాకు తువ్వాలు చుట్టాం. మొదటి రోజున సీనియరు మాస్టారొకరు, "ఇవాళ టీ ఘాటుగా ఉన్నదేం?" అని ముఖం చిట్లించాడు. అప్పటిదాకా ఆయన వాటా ఘాటు ఎక్కడికి పోయేదో నేను చెప్పలేదు.

మా అటెండరు ఇప్పుడు బాగా పెద్దవాడయ్యాడు. సంక్రాంతికి చూడటానికి వెళ్ళినప్పుడు ఈ చైనా సంగతులన్నీ చెప్పాను. గ్వాన్ గోంగ్, హాన్ షిన్ పేర్లు ఆయనకు నోరు తిరగలేదు గాని కూజా సంగతి శ్రద్ధగా విన్నాడు. "అయితే మాస్టారూ, మన లోటాకు చైనాలో పేరున్నదన్నమాట!" అని నవ్వాడు.

పిల్లలూ, ఈ ఆదివారం మీరొక ప్రయోగం చెయ్యండి. ఈ టీ మీరు తాగటానికి కాదు, చూడటానికి. దీనిలో కెఫీన్ అనే పదార్థం ఉంటుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. నీళ్ళు కాచటం, ఒంపటం పెద్దవాళ్ళ పని. మూడు గాజుగ్లాసులు తెల్లకాగితం మీద వరసగా పెట్టండి. కొమ్మున్న పాత్రలో మూడు గ్లాసులకు సరిపడా వేన్నీళ్ళూ, మూడు చెంచాల టీ పొడీ వేసి, ఒక నిమిషం ఆగి, కదపకుండా మొదటి గ్లాసు నింపించండి. రెండు నిమిషాలు ఆగి రెండోది. మరో రెండు నిమిషాలు ఆగి మూడోది. మూడు రంగులూ పుస్తకంలో రాసుకోండి. తరువాత కొత్త పొడి, కొత్త నీళ్ళు వేసి, మూడు గ్లాసుల్లోనూ కొంచెం కొంచెంగా చుట్లు తిప్పుతూ పోయించండి. చివరి చుక్కలు మరచిపోవద్దు. రంగులు ఒకటైనవా, లేదా? ఎన్ని చుట్లు తిప్పితే ఒకటైనవి? రెండు చుట్లు చాలా, అయిదు కావాలా? నాకు ఉత్తరం రాయండి. మీ ఇంట్లో చివరి గ్లాసు ఎవరిదో కూడా రాయండి.